వైండింగ్ హౌస్: గని నోటి దగ్గర తాడు కట్టించిన ఇల్లు

జనగామ, నర్మెట్ట ప్రాంతంలో చేనికి నీళ్ళిచ్చే బావిని బాయి అంటారు. భూపాలపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం వైపు బొగ్గు గనినీ బాయి అనే అంటారు. అక్కడ ‘బాయికి పోయిండు’ అంటే గనిలో డ్యూటీకి వెళ్ళాడని అర్థం. కరెంటు మోటార్లు రాకముందు వాడిన మోట బావిని తలుచుకుంటే ఒకే మాట రెండింటికీ ఎంత బాగా సరిపోయిందో తెలుస్తుంది. బావి ఒడ్డున దూలాల మీద గిలక, గిలక మీదుగా మోకు, మోకుకు ఒక కొసన తోలు బొక్కెన, రెండో కొసన ఎద్దుల కాడి. ఎద్దులు బావికి ఎడంగా వాలు దారిలో దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే లోపలికి దిగుతుంది. బావి ఎంత లోతుంటే ఆ దారి అంత పొడవుండాలి. బొగ్గు గనిలో ఈ ఎద్దుల దారి స్థానంలో నిలిచిన కట్టడమే వైండింగ్ హౌస్. ఎద్దుల పని మొదట ఆవిరి యంత్రం, తర్వాత కరెంటు మోటారు అందుకున్నాయి. దారి పొడవంతా ఒక పెద్ద డ్రమ్ము మీద చుట్టగా మారింది. దూలాల మీది గిలక గని నోటిపై నిలబెట్టిన ఇనుప గోపురం తలకెక్కింది. మనుషులు దిగేదీ ఎక్కేదీ, బొగ్గు పైకి వచ్చేదీ, కూలడానికి సిద్ధంగా ఉన్న కప్పుకు మోపు కర్రలు లోపలికి వెళ్ళేదీ ఆ తాడు మీదే.

ఈ ఇంటి రూపాన్ని నిర్ణయించేది తాడు. డ్రమ్ము మీద తాడు ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్టుకుంటూ పోతుంది కనుక, గోపురం మీది చక్రానికీ డ్రమ్ముకూ మధ్య అది కొంచెం ఓరగా లాగుతుంది. ఆ ఓర ఒకటిన్నర డిగ్రీ దాటితే తాడు పొరల మీద పొర ఎక్కి, ఒరుసుకుని అరుగుతుంది. అందుకే వైండింగ్ హౌస్‌ను గని నోటిని ఆనుకుని కట్టరు, తగినంత దూరం జరిపి కడతారు. తాడు లాగే లాగుడుకు గోపురం ఇంటివైపు ఒరిగిపోకుండా, దానికి అదే వైపు ఏటవాలు కాళ్ళు మోపుతారు. దూరం నుంచి చూసే మనిషికి ఆ ఏటవాలు కాళ్ళను బట్టే వైండింగ్ హౌస్ ఏ దిక్కున ఉందో తెలిసిపోతుంది. ఉక్కు తాడును చిన్న చుట్టగా వంచితే లోపలి తీగలు తెగుతాయి కాబట్టి డ్రమ్ము అడ్డుకొలత తాడు మందానికి సుమారు వంద రెట్లు ఉండాలి. ఆ డ్రమ్ము కోసం ఎత్తైన హాలు కావాలి. దాని బరువునూ, ఒక్కసారి బ్రేకు వేసినప్పుడు వచ్చే కుదుపునూ తట్టుకోవడానికి నేలలోకి లోతుగా పునాది కావాలి. డ్రమ్మును విడదీసి ఎత్తడానికి పైకప్పు కింద క్రేను దూలం కావాలి. ముందు గోడలో తాళ్ళు బయటికి వెళ్ళే రెండు సన్నని కంతలు కావాలి. సాధారణంగా ఒక తాడు డ్రమ్ము మీది నుంచీ, ఇంకొకటి కింది నుంచీ వెళ్తుంది. తాళ్ళ కొసన మనుషుల్నీ బొగ్గునూ మోసే ఇనుప బోను, అంటే కేజ్, ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, ఒకదాని బరువు రెండోదానికి ఆసరా అవుతుంది. ఈ లెక్కలన్నీ తీరాక కట్టేవాడి ఇష్టానికి మిగిలేది కిటికీ కమానులు, గోడకు ఇటుకా రాయా అన్న ఎంపిక, పైకప్పు వాలు మాత్రమే.

యంత్రం నడిపే మనిషికి గని నోరు కనిపించకపోవచ్చు. అతను ఎత్తైన సీటులో కూర్చుని రెండింటిని నమ్ముకుంటాడు. ఒకటి, కేజ్ ఎంత లోతులో ఉందో చూపే సూచిక. రెండోది గంట. నడుస్తున్న యంత్రానికి ఒక గంట వినిపిస్తే ఆపాలి, ఆగి ఉన్నదానికి రెండు గంటలంటే దింపాలి, మూడంటే ఎక్కేది మనుషులు. ఆ మూడు గంటల తర్వాత అతని చెయ్యి కదిలే తీరు మారాలి. బ్రేకు విఫలమై కేజ్ ఆగకపోతే ఏమవుతుందో ఇంగ్లండులోని మార్కమ్ గని 1973 జులై 30న చూపించింది. బ్రేకుకు సంబంధించిన ఒక్క కడ్డీ విరగడంతో 18 మంది చనిపోయారు. పైకి ఎక్కువ లాగితే తాడును వదిలేసి కేజ్‌ను గాలిలోనే పట్టి నిలబెట్టే కొక్కేన్ని మన గనుల్లో కింగ్ హుక్ అంటారు. వైండింగ్ నడపాలంటే గనుల భద్రతా శాఖ ఇచ్చే ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలన్న నియమం వెనుక ఉన్నది ఇలాంటి చావులే.

యూరప్‌లో ఈ కట్టడం మారుతూ వచ్చిన తీరు కూడా తాడు కథే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో జర్మనీ గనుల్లో చక్రాల్ని మోయడానికి కోట బురుజుల్లాంటి మందపాటి గోపురాలు కట్టారు. క్రిమియా యుద్ధంలో పేరుమోసిన కోట పేరు మీద వాటిని మలకోఫ్ గోపురాలన్నారు. ఆ మందం అలంకారానికి పెట్టింది కాదు, తాడు పక్కకు లాగే బలాన్ని గోడ కేవలం తన బరువుతో ఎదుర్కోవలసి రావడం వల్ల వచ్చింది. ఉక్కు చవకయ్యాక ఏటవాలు కాళ్ళు అదే పనిని కొద్దిపాటి లోహంతో చేశాయి, గోడలు పలచబడ్డాయి. 1877లో బోహుమ్ దగ్గరి హానోవర్ గనిలో కోపె అనే ఇంజనీరు తాడును డ్రమ్ముకు చుట్టకుండా ఒక చక్రం మీది రాపిడితోనే నడిపాడు. దాంతో యంత్రం గోపురం తల మీదికే ఎక్కగలిగింది, వేరే ఇల్లు అక్కర్లేని గనులు వచ్చాయి. 1862 జనవరిలో ఇంగ్లండులోని న్యూ హార్ట్‌లీ గనిలో నీళ్ళు తోడే యంత్రపు దూలం విరిగి ఒకే ఒక్క దారిని మూసేసింది. మొత్తం 204 మంది చనిపోయారు. ఆ ఏడాదే ప్రతి గనికీ రెండు దారులు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. బొగ్గు ప్రాంతాల పాత ఫోటోల్లో గోపురాలు జంటలుగా కనిపించడానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు కాపాడిన వైండింగ్ హౌస్‌ల సంగతి. జర్మనీలో డార్ట్‌మండ్ నగరంలోని జొల్లెర్న్ గని యంత్రశాల 1900ల మొదట్లో కట్టినది. బ్రూనో మోరింగ్ గీసిన రంగుటద్దాల ద్వారం వెనుక తొలి తరం కరెంటు వైండింగ్ యంత్రం ఉంటుంది. కూల్చడానికి సిద్ధమైన ఆ హాలును 1969లో రక్షిత కట్టడంగా ప్రకటించారు. అప్పటికి దానికి డెబ్బై ఏళ్ళు కూడా నిండలేదు. ఎసెన్‌లోని జొల్ఫెరైన్ గని 12వ నంబరు నిలువు షాఫ్ట్‌ను 1932లో కట్టి, 1986లో మూసి, 2001లో యునెస్కో జాబితాలో చేర్చారు. వేల్స్‌లోని బిగ్ పిట్ 1980లో మూతపడి 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడ చూడవచ్చినవాళ్ళను అదే కేజ్‌లో సుమారు 90 మీటర్ల లోతుకు దింపుతారు, దగ్గరుండి చూపించేది మాజీ గని కార్మికులే. ఈ మూడింటిలో కట్టడాల అందానికి జొల్ఫెరైన్‌కే ఎక్కువ పేరు. అయినా వైండింగ్ హౌస్ అంటే ఏమిటో అర్థం కావాలంటే బిగ్ పిట్‌కే వెళ్ళాలి. తాడు కదలని చోట ఆ ఇల్లు ఎందుకలా ఉందో గోడలు చెప్పలేవు.

సింగరేణికి వస్తే తాడు నిలువునా కాక ఏటవాలుగా దిగడం కనిపిస్తుంది. భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు సంపాదించింది. ఆ హక్కులు చేతులు మారిన తీరుపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘమే కూర్చోవలసి వచ్చింది. అదే కాలంలో నిజాం రైలు మార్గం సికింద్రాబాదు నుంచి జనగామ మీదుగా వరంగల్‌కు, అక్కడి నుంచి ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌కు సాగింది. దోర్నకల్ నుంచి గనుల వైపు ఒక పాయ చీలింది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. ఇల్లెందును జనం బొగ్గుట్ట అన్నారు. కంపెనీకి మాత్రం పక్కనున్న సింగరేణి ఊరి పేరు స్థిరపడింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైంది, 1945లో హైదరాబాదు రాజ్యం ఎక్కువ వాటా కొనేసింది. బెల్లంపల్లిలో 1928లో, కొత్తగూడెంలో 1937లో గనులు తెరిచారు. నర్మెట్ట నేల గట్టి గ్రానైటు, అక్కడ బొగ్గు లేదు. అయినా ఆ ఊరికి దగ్గరి పట్టణమైన జనగామ స్టేషన్ మీదుగానే ఇల్లెందు బొగ్గు సికింద్రాబాదు చేరింది.

ప్రాణహిత గోదావరి లోయలో బొగ్గు పొరలు ఒక వైపు వాలుతూ, ఎగువ అంచున నేల పైపొరకు దగ్గరగా వస్తాయి. అలాంటి చోట వందల అడుగుల నిలువు షాఫ్ట్ తవ్వడం కంటే ఏటవాలు సొరంగం తవ్వుకుంటూ పోవడం చవక. దాన్నే ఇంక్లైన్ అంటారు. గోదావరిఖని జీడీకే 11 ఇంక్లైన్, భూపాలపల్లి కేటీకే 1 ఇంక్లైన్, ఇల్లెందు 21 ఇంక్లైన్ వంటి పేర్లు చూస్తేనే ఈ ప్రాంతపు గనులు ఎక్కువగా ఏ తీరువో తెలిసిపోతుంది. ఇంక్లైన్ నోటికి ఎదురుగా, పట్టాల వరుసకు సూటిగా ఒక చిన్న గది ఉంటుంది. అదే హాలేజ్ గది, జనం నోట హాలర్ గది. అందులో డ్రమ్ము, బ్రేకు లివరు, గంట, ఆపరేటరు సీటు ఉంటాయి. తాడు పట్టాల మధ్య రోలర్ల మీద జారుతూ లోపలికి పోయి, బొగ్గు నింపిన టబ్బుల వరుసను పైకి లాగుతుంది. కేజ్ స్థానంలో టబ్బు, గోపురం చక్రం స్థానంలో రోలరు, నిలువు దారి స్థానంలో వాలు దారి. మిగిలిన తర్కమంతా ఒక్కటే. డ్రమ్ము తాడుకు సూటిగా ఉండాలి, ఆపరేటరు తాను చూడలేని చోటి నుంచి వచ్చే గంటకు లోబడాలి, తాడు తెగితే టబ్బులు వెనక్కి దూసుకెళ్ళి ఎవరినీ చంపకుండా దారిలో అడ్డుకట్టలు ఉండాలి. ఒక్క తేడా ముఖ్యమైనది. షాఫ్ట్ గనిలో మనిషిని తాడు మోసింది. మనుషుల్ని మోసే చైర్‌లిఫ్టులు రాకముందు ఇంక్లైన్ గనిలో తాడు బొగ్గునే మోసింది, మనిషి నడిచాడు. షిఫ్టు అయ్యాక అలసిన కాళ్ళతో ఆ వాలంతా ఎక్కి బయటపడ్డాడు. యూరప్ వైండింగ్ హౌస్ చెప్పని ఈ సంగతిని హాలర్ గది చెబుతుంది. కాబట్టి తెలంగాణలో వైండింగ్ హౌస్‌ను కాపాడుకోవాలంటే యూరప్ గోపురానికి నకలు కోసం వెతకడం పొరపాటు. మనకు కాపాడవలసిన వైండింగ్ హౌస్ హాలర్ గదీ, దానికెదురుగా ఉన్న ఇంక్లైన్ నోరూ, రెంటి మధ్య పట్టాలూ కలిసిన మొత్తం.

దీనికి మొదటి అభ్యంతరం కట్టడ విద్య తెలిసినవాళ్ళ నుంచే వస్తుంది. రేకుల కప్పు, సిమెంటు గోడల షెడ్డులో కాపాడవలసిన శిల్పం ఏముందని వాళ్ళు అడుగుతారు. రామప్ప గుడి ఉన్న నేల మీద ఈ ప్రశ్న సహజమే. అయితే కట్టడపు విలువ అలంకారంలోనే ఉందనుకుంటే మోట బావి, దిగుడు బావి, చెరువు తూము కూడా విలువలేనివే కావాలి. కాకతీయుల చెరువుల్ని మనం గొప్పగా చెప్పుకునేది కట్ట మీది చెక్కడాలను చూసి కాదు, నీటిని అర్థం చేసుకుని కట్టినందుకు. హాలర్ గదికీ అదే కొలత వాడాలి. రెండో అభ్యంతరం మరింత లోతైనది. గని నియమాల ప్రకారం వైండింగ్ తాడును ఆరు నెలలకోసారి కొస కోసి మళ్ళీ బిగించాలి, మూడున్నరేళ్ళకు మించి వాడకూడదు. బ్రేకు చెక్కలు అరుగుతాయి, మోటార్లు మారతాయి. అన్నీ మారిపోయాక మనం కాపాడేది అసలుదెలా అవుతుంది? ఈ వాదనలో నిజం ఉంది, అదే వాదన మన పక్షానికీ బలం. ఏ గనిలోనూ తొలినాటి తాడు మిగలదు. మారనిది తాడు నడిచే గీత, అంటే డ్రమ్ముకూ గని నోటికీ మధ్య ఉన్న సూటి సంబంధం. డ్రమ్మును ఊడదీసి నగరంలోని మ్యూజియం ముందు దిమ్మె మీద పెడితే ఇనుము మిగులుతుంది, ఆ సంబంధం పోతుంది. ఉన్న చోటే ఉంచి, తాడును కొత్తది వేసినా సరే, అది నిజమైన వైండింగ్ హౌసే.

ఫోటోలు, కొలతల నకళ్ళు, వీడియోలు ఉంటే చాలదా అని కొందరి ప్రశ్న. బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతులు దశాబ్దాల పాటు యూరప్, అమెరికాల్లో గని గోపురాలను ఒకే కోణం నుంచి ఓపికగా ఫోటోలు తీశారు. వాటిలో చాలా గోపురాలు ఇప్పుడు ఆ ఫోటోల్లోనే ఉన్నాయి. ఫోటోతో సరిపెట్టుకోవడం తేలికని అందరికన్నా వాళ్ళకే అనిపించాలి. జొల్లెర్న్ హాలును కూల్చవద్దని అడిగినవాళ్ళలో మాత్రం బెర్న్‌డ్ బెషర్ ఉన్నాడు. ఫోటోలో గంట మోగదు. ఆ గంటకూ బ్రేకు మీది చేతికీ మధ్య గడిచే క్షణం ఎంత బరువైనదో సీటులో కూర్చుంటేనే తెలుస్తుంది. 1989 నవంబరులో రాణిగంజ్ దగ్గరి మహాబీర్ గనిలో నీళ్ళు చేరి కార్మికులు చిక్కుకున్నప్పుడు, ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ ఒక బోరు రంధ్రం గుండా ఇనుప గొట్టంలో తాను దిగి 65 మందిని ఒక్కొక్కరిగా పైకి పంపాడు. ఆ రోజు అక్కడ నిలబెట్టినది అప్పటికప్పుడు తయారైన ఒక చిన్న వైండింగ్ ఏర్పాటే. తాడు కొసన మనిషి ఉన్నాడన్న జ్ఞానం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కార్మికుల వైపు నుంచి వచ్చే అభ్యంతరానికి ఎక్కువ గౌరవం ఇవ్వాలి. గని చావుల చోటు, దాన్ని చూడముచ్చటగా మార్చి టికెట్టు పెట్టడం ఏం న్యాయం అని వాళ్ళు అడగవచ్చు. 2003 జూన్‌లో గోదావరిఖని జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది చనిపోయిన సంగతి ఆ ప్రాంతం మరువలేదు. దీనికి జవాబు ఇండోనేషియాలోని సావాలుంటోలో దొరుకుతుంది. డచ్చివాళ్ళు గొలుసులు వేసిన ఖైదీలతో తవ్వించిన ఒంబిలిన్ బొగ్గు గనులను 2019లో యునెస్కో జాబితాలో చేర్చారు. జనం దిగి చూసే సొరంగం ఒక గని మేస్త్రీ పేరుతో ఉంది, గొలుసుల చరిత్రను అక్కడ దాచలేదు. బాధను మరుగుపరిచే సంరక్షణ తప్పు. చనిపోయినవాళ్ళ పేర్లు, ప్రమాదం తేదీ, కారణం ఇంక్లైన్ నోటి దగ్గరే రాసి పెట్టే సంరక్షణ స్మారకం అవుతుంది. చూడాలన్న ఆసక్తి జనంలో ఉందనడానికి రుజువు కూడా ఉంది. 2022 చివర ఆర్టీసీ సింగరేణి దర్శన్ పేరుతో బస్సు మొదలుపెట్టింది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం బొగ్గుదే. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచే తవ్వే పద్ధతి, మొదలైంది, ఇప్పుడు ఉత్పత్తిలో అత్యధిక భాగం దాని నుంచే. పాత భూగర్భ గని మీదే ఓపెన్‌కాస్ట్ తవ్వితే హాలర్ గది, ఇంక్లైన్ నోరు, స్తంభాలుగా వదిలిన బొగ్గు అన్నీ ఒకేసారి పోతాయి. ఇల్లెందులో జవహర్‌ఖని 5 అలాగే ఓపెన్‌కాస్ట్ అయింది. అడ్రియాల లాంటి కొత్త గనిలో ఓపెన్‌కాస్ట్ గోడలోంచే దారి వేశారు, అక్కడ పాత తరహా ఇంక్లైన్ నోరు అసలు లేదు. ప్రతి గనినీ కాపాడాలని అడిగితే అది కరెంటునూ, ఉద్యోగాలనూ కాదనడమే. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్ కేంద్రం భూపాలపల్లి బొగ్గు మీదే ఆధారపడింది. అడుగుతున్నది ఒక్కో ఏరియాలో ఒక్క గని, అదీ కింద ఓపెన్‌కాస్ట్‌కు లాభసాటి బొగ్గు లేని చోట. అంతమాత్రం చోటు ఏ ప్రాజెక్టు లెక్కనూ తలకిందులు చేయదు.

ఈ కోరికకు అడ్డు వచ్చేది చట్టం పెట్టిన వయసు పరిమితి. కేంద్ర ప్రాచీన కట్టడాల చట్టం 1958 వందేళ్ళు నిండిన కట్టడాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ కొలతతో ఇల్లెందు తొలి గనుల ఆనవాళ్ళు పనికొస్తాయి, కొత్తగూడెం గనులకు 2037 దాకా ఆగాలి, ఇరవయ్యో శతాబ్దం చివర తెరిచిన భూపాలపల్లి గనులకు ఇంకా చాలా కాలం కావాలి. ఈ నియమం జర్మనీలో ఉండి ఉంటే 1969లో జొల్లెర్న్ కూలిపోయేది. యంత్రపు కట్టడం గుడిలా వందేళ్ళు వాడుకలో ఉండదు. పని ఆగిన మర్నాడే అది తుక్కు, టెండరు సరుకు. అందువల్ల పురావస్తు చట్టం కోసం ఎదురుచూడటం కన్నా గనుల నియమాల్లోనే దారి వెతకడం మేలు. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మైన్ క్లోజర్ ప్లాన్ (గని మూసివేత ప్రణాళిక) ఉండాలి, దాని ఖర్చుకు ముందుగానే ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయాలి. కట్టడాలు తొలగించడం, గని నోరు మూయడం ఆ ప్లానులో భాగమే. అదే కాగితంలో ‘హాలర్ గదిని, పట్టాలను, ఇంక్లైన్ నోటి మొదటి కొన్ని మీటర్లను ఉంచి, లోపల గోడ కట్టాలి’ అని ఒక్క వాక్యం చేర్చవచ్చు. భద్రతకు లోటు రాదు, గాలి చెడిన లోపలి భాగం మూసే ఉంటుంది. చెదిరిన టబ్బులు, రోలర్లు, గంటల బోర్డు ఆ గది దాటి పోకుండా చూడాలి.

యంత్రం కన్నా ముందే పోయేది దాన్ని నడిపిన చేతి జ్ఞానం. తాడు బిగువు ఎలా మారితే టబ్బు పట్టా తప్పినట్టో, వానాకాలంలో బ్రేకు ఎంత ముందుగా పట్టాలో, లోపలి నుంచి తప్పుగా కొట్టిన గంటను ఎలా గుర్తించాలో ఏ మాన్యువల్‌లోనూ పూర్తిగా లేదు. హాలర్, వైండింగ్ నడిపి రిటైరైనవాళ్ళు భూపాలపల్లి, గోదావరిఖని, బెల్లంపల్లి, ఇల్లెందు, కొత్తగూడెం బస్తీల్లో ఉన్నారు. ఏ గని మూతకైనా తేదీ పడితే, తుక్కు టెండరు కన్నా ముందు వాళ్ళను ఆ సీటు దగ్గరికి తీసుకెళ్ళి, చెప్పేదంతా రికార్డు చేయాలని సింగరేణి యాజమాన్యానికీ, కార్మిక సంఘాలకూ, ఆ ఊళ్ళలోని చదువుకున్న పిల్లలకూ విన్నపం.